బృందగానము - బాలల గొంతు

గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెలలో మిరపకాయలు కళ్లములకు చేరు దినములలో పాఠశాల ప్రార్థనవేళ రెండు ధ్వనులు వినవచ్చును. ఒకటి ‘మా తెలుగు తల్లికి’ గీతము, రెండవది పిల్లల దగ్గు. పాట సాగిన కొలదియు మెడనరములు ఉబ్బును. ముగియుసరికి కొన్ని గొంతులు బొంగురుపోవును. ఇందుకు కారణమేమి?

స్వరపేటికలోని రెండు స్వరతంత్రుల కంపనము వలన గొంతు పలుకును. వీని కంపించు భాగము పెద్దలలో పురుషులకు సుమారు 16, స్త్రీలకు 10 మిల్లీమీటర్ల పొడవుండును. పిల్లలకు ఇంకను పొట్టి; లోపలి పొరలు పూర్తిగా ఏర్పడియుండవు. బలవంతముగ అరచినపుడు ఈ లేత తంత్రులు సెకనుకు దాదాపు 300 సార్లు గట్టిగ కొట్టుకొనును. నెలల తరబడి ఇట్లు జరిగిన వాని అంచులపై చిన్న బొడిపెలు కట్టవచ్చును.

గుంపులో పిల్లలు అరచుటకు కారణమున్నది. తన గొంతు తనకు వినబడనపుడు మనిషి తెలియకయే గొంతు హెచ్చించును. ఫ్రెంచి వైద్యుడు ఎతియెన్ లొంబార్డు 1911లో దీనిని వివరించెను. అయితే ఆ శ్రమ అనవసరము. 40 మంది మెల్లగ పాడినను ఒక్కరి పాటకంటె సుమారు 16 డెసిబెల్లు హెచ్చుగ వినబడును.

రెండవ దోషము శ్రుతిది. ఉపాధ్యాయుడు తన గొంతుకు అనువుగ ఎత్తుకొనిన పాట పిల్లలకు మరీ క్రిందనో, మరీ మీదనో పడును. దీనికి ఉపాయము భౌతికశాస్త్ర ప్రయోగశాలలోనే ఉన్నది. 288, 426 అంకెలు గల శ్రుతిదండములను మ్రోగించి, చిన్న తరగతులవారి పాట చాలభాగము ఆ రెంటి నడుమ సాగునట్లు ఎత్తుగడ కుదుర్చుకొనవలెను. సగము మంది పాడుచుండగా తక్కినవారు వినవలెను. పిమ్మట వంతు మార్చవలెను.

8, 9 తరగతుల బాలురకు స్వరపేటిక త్వరితముగ పెరిగి గొంతు సుమారు ఒక స్థాయి దిగును. అట్టి గొంతు విరిగినపుడు ఎగతాళి చేయనీయక, క్రింది స్థాయిలో పాడనీయవలెను.

మిరప ఘాటునకు మూలమైన కాప్సైసిన్ ధూళితోపాటు గొంతు చేరి నరముల కొనలను రేపును. అందుచే దగ్గు వచ్చును. దగ్గుటలో తంత్రులు మరింత నలుగును. కాబట్టి దగ్గుచున్న బిడ్డ ఆనాడు విన్న చాలును. బొంగురు 3 వారములకు మించినచో వైద్యునకు చూపవలెను.

ఇక ప్రతి బిడ్డకును తెలియవలసిన పరీక్ష యొకటి కలదు: పాడుచుండగా ప్రక్కవాని గొంతు వినబడనిచో, తన గొంతును తగ్గించవలెను.