మీకు తెలుసా? బీజింగ్‌లో అమెరికన్ ఆటగాడి విగ్రహం

అమెరికా బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏలో 13 సీజన్లు ఆడి, రెండుసార్లు ఆల్‌స్టార్ అయిన న్యూయార్క్ కుర్రాడు స్టెఫాన్ మార్బరీ 2010లో చైనా వెళ్లాడు. పనైపోయింది, చివరి జీతాల కోసం వెళ్తున్నాడని చాలామంది అనుకున్నారు. విదేశీ లీగుల్లో అమెరికన్ల బతుకు సాధారణంగా అంతే: ఏడాది ఒప్పందం, నచ్చకపోతే మధ్యలోనే ఇంటిదారి. మార్బరీ కూడా మొదట రెండు జట్లు మారాడు. 2011లో బీజింగ్ డక్స్‌లో చేరాక కథ తిరిగింది. అంతవరకు ఒక్కసారీ లీగు గెలవని ఆ జట్టు 2012, 2014, 2015లో విజేతగా నిలిచింది. మొదటి గెలుపు ఏడాదే స్టేడియం ముందు అతని విగ్రహం వెలిసింది. 2014లో తన జీవితం మీద వేసిన సంగీత నాటకంలో తానే నటించాడు. తర్వాత చైనా శాశ్వత నివాస హక్కు కూడా దక్కింది. అక్కడ విదేశీయులకు అది అరుదు. 2018లో ఆట మానేశాడు, మరుసటి ఏడాది బీజింగ్‌లోనే కోచ్ అయ్యాడు.

మన దేశంలోనూ 2025లో ఐఎన్‌బీఎల్ ప్రో బాస్కెట్‌బాల్ లీగు విదేశీ ఆటగాళ్లతో జరిగింది. అందులో హైదరాబాద్ ఫాల్కన్స్, గుజరాత్ స్టాలియన్స్ రెండూ ఉన్నాయి. గుజరాత్‌లోని సూరత్‌లో, పర్వత్ పాటియాలో ఉండే తెలుగువాళ్లు ఎవరికి చప్పట్లు కొట్టాలో వాళ్లే తేల్చుకోవాలి!