మీ సంచి మీరు మోయగలరా?

ప్రయాణం అనగానే మన ఇళ్ళలో ముందుగా అటక మీది సూట్‌కేసు కిందికి దిగుతుంది. ఆయన షేవింగ్ సెట్టు, పిల్లల స్వెట్టర్లు, అత్తయ్యగారి మాత్రల డబ్బా, దారిలో తినడానికి పులిహోర, ‘ఎందుకైనా మంచిద’ని ఓ దుప్పటి, ‘ఉంటే పడి ఉంటుంద’ని ఇంకో దుప్పటి... చివరికి ఇద్దరు ఎక్కి కూర్చుంటే తప్ప మూత పడదు. ఇన్నీ సర్దిన ఇల్లాలి బట్టలు మాత్రం ఓ మూల రెండు చీరలు!

తీరా ఊరు చేరాక ఏమవుతుంది? భద్రాచలంలో గోదావరి మెట్ల దగ్గర ఓ గంట నిలబడి చూడండి. చాలా కుటుంబాల్లో ఒకావిడ నీళ్ళలోకి దిగకుండా, పైమెట్టు మీద సామాను చుట్టూ చేతులేసుకుని కూర్చుని ఉంటుంది. పర్ణశాలలోనూ అంతే, కిన్నెరసాని డ్యాం గట్టు మీదా అంతే. మిగతావాళ్ళు చూసొచ్చి ‘ఎంత బావుందో’ అంటే విని, తనూ చూసినట్టే ఇంటికొస్తుంది. లగేజీ బరువు అనే మాట వింటే నాకు ఆవిడే గుర్తొస్తుంది. అందుకే ఈ వారం వీపుసంచి కబుర్లు.

మన దారులు ఎలాంటివి?

రైల్లో భద్రాచలం వెళ్ళేవాళ్ళకు ‘భద్రాచలం రోడ్’ స్టేషను పేరు చూసి దిగగానే గుడి కనిపిస్తుందని ఆశ. ఆ స్టేషను ఉన్నది కొత్తగూడెంలో. అక్కణ్ణించి ఇంకో 40 కిలోమీటర్లు బస్సులో పోవాలి. భద్రాచలం నుంచి పర్ణశాల మరో 35 కిలోమీటర్లు. చింతూరు, మారేడుమిల్లి వైపు వెళ్దామనుకుంటే ఘాట్ రోడ్డు. 2014లో చుట్టుపక్కల మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాక, టౌను దాటిన కాసేపటికే రాష్ట్రం మారిపోతుంది. ఇంకొంచెం ముందుకెళ్తే ఛత్తీస్‌గఢ్. బస్సు దిగడం, ఆటో ఎక్కడం, రేవు దాకా ఇసకలో నడవడం... ప్రతిచోటా కూలీ దొరకడు. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. ఒక చేతిలో పిల్ల ఉంటే మరీను!

ఎంత బరువు మోయొచ్చు?

2020లో కేంద్రం తెచ్చిన స్కూల్‌బ్యాగ్ విధానం ప్రకారం పిల్లల సంచి వాళ్ళ బరువులో పదో వంతు మించకూడదు. పిల్లలకు చెప్పిన ఆ లెక్కే మనకూ పెట్టుకుందాం. 60 కిలోల మనిషి 6 కిలోలు. అందులో లీటరు నీళ్ళే ఒక కిలో! ఇక మిగిలింది అయిదు. తూకానికి పెద్ద ఏర్పాట్లేం అక్కర్లేదు. బరువు చూసుకునే మిషను మీద ఒకసారి ఉత్తినే, ఒకసారి సంచి తగిలించుకుని నిలబడితే తేడా తెలిసిపోతుంది.

సంచి కొనేటప్పుడు అందం కంటే ముందు భుజాల పట్టీలు చూడండి. వెడల్పుగా, లోపల మెత్త ఉండాలి. బరువైనవి వీపుకు ఆనుకునేలా మధ్యలో, బట్టలు అడుగున, మాటిమాటికి కావాల్సినవి పైన సర్దుకోవాలి.

ఆవిడ సంచిలో ఏముంది?

1955లో అమెరికాలో ఎమ్మా గేట్‌వుడ్ అనే 67 ఏళ్ళ పెద్దావిడ, 11 మంది పిల్లల్ని పెంచిన తల్లి, అపలాచియన్ కొండల దారిని ఆ చివర నుంచి ఈ చివరకు ఒంటరిగా నడిచేసింది. దాదాపు 3,300 కిలోమీటర్లు! అలా ఒక్క ఊపున ఒంటరిగా పూర్తిచేసిన మొదటి మహిళ ఆవిడే. కాళ్ళకు మామూలు కాన్వాసు బూట్లు. భుజాన తన చేత్తో తాను కుట్టుకున్న గుడ్డ సంచి. వానొస్తే కప్పుకోవడానికి స్నానాల గదిలో కట్టే ప్లాస్టిక్ తెర!

ఇది చదివినప్పుడు నాకు మన రైతులు గుర్తొచ్చారు. ఎరువుల బస్తాను ఒక మూలకు మడిచి తలమీంచి కప్పుకుని నాట్లేస్తారు చూడండి, అదీ ఆ తెలివే.

అంతకన్నా దగ్గర పాఠం నాకు దుమ్ముగూడెం రోడ్డు మీద దొరికింది. తునికాకు కోసే రోజులు. ఓ కోయ పెద్దమ్మ ఆకు కట్టలతో చెట్టు కింద కూర్చుంది. భుజానికి ఎండిన సొరకాయ బుర్ర.

“పెద్దమ్మా, నీళ్ళకు సీసా తెచ్చుకోలేదా?” అని అడిగాను.

“సీసాల నీళ్ళు ఎండకు కాగుతయ్ బిడ్డా. బుర్రల సల్లగుంటయ్. మొయ్యనీకి బరువూ ఉండదు” అంది.

“మరి మూటలో ఏమున్నాయి?”

“కత్తి, గింత జావ, ఓ గుడ్డ. ఇంకేం గావాలె? కడమయన్నీ అడివిల ఉంటయ్ కదా!”

నిజమే, ఆవిడకు అడవి తెలుసు, ఆ మూడూ చాలు. మనకు తెలియదు కనుక ఇంకొన్ని కావాలి. అవి చూద్దాం.

గుప్పెడు బరువు, గంపెడు ఉపయోగం

పాత నూలు చీర: మెత్తబడ్డ చీర మడిస్తే జానెడు. రాత్రి పరుచుకోవచ్చు, కప్పుకోవచ్చు. స్నానాల రేవులో అడ్డం పట్టుకుంటే బట్టలు మార్చుకునే గది. చెట్టుకు కడితే పసిదానికి ఉయ్యాల. దుప్పటి చేసే పనులు చేస్తూ, దుప్పటి చేయలేనివీ చేస్తుంది.

నేత తుండు: బొచ్చు తువ్వాలు తడిస్తే రెండు రోజులు ఆరదు, ఇడ్లీపిండిలా వాసనొస్తుంది. పల్చటి తుండు గంటలో ఆరుతుంది. ఎండలో తలకు చుట్టుకోవచ్చు కూడా.

తలకు కట్టుకునే టార్చి: అర్ధరాత్రి బయటికెళ్ళాల్సొస్తే చెంబు ఓ చేత్తో, చీర ఓ చేత్తో పట్టుకుని టార్చి ఏ చేత్తో పట్టుకుంటాం? నుదుటికి పెట్టుకునేది చిన్నది, తేలిక. రాత్రి నడిచేటప్పుడు వెలుగు పాదాల ముందు పడాలి.

ఈల: ‘ఆడపిల్ల ఈల వేయకూడద’ని మా నాయనమ్మ అనేది. అడవిలో మాత్రం వేయాలి. గొంతు పెగలనప్పుడు కూడా ఈల వినబడుతుంది. తప్పిపోతే ఉన్నచోటే ఆగి, మూడుసార్లు ఊది కాసేపు ఆగడం, మళ్ళీ మూడుసార్లు ఊదడం. ఇది పిల్లలకు ఇంట్లోనే నేర్పండి.

నాలుగు గజాల నైలాను తాడు, పిన్నీసులు, సూది దారం, చిన్న చాకు, అగ్గిపెట్టె: అన్నీ కలిపి ఓ చిన్న డబ్బాలో పడతాయి. తాడు బట్టలారేసుకునే తీగ. తెగిన చెప్పుకూ, ఊడిన సంచి పట్టీకీ పిన్నీసే దిక్కు. అగ్గిపెట్టె ప్లాస్టిక్ కవర్లో చుట్టిపెట్టుకోండి. అయితే ఎండాకాలంలో అడవిలో మంట మాత్రం వేయకండి. ఎండుటాకు అంటుకుంటే ఆపడం మన తరం కాదు.

పవర్ బ్యాంకు, ఓ కాయితం ముక్క: అడవి దారిలో ఫోను సిగ్నలు వస్తూ పోతూ ఉంటుంది. ఛార్జింగ్ అయిపోతే ఇంట్లోవాళ్ళ నంబరు కూడా మనకు గుర్తుండదు. నాలుగు నంబర్లు కాయితం మీద రాసి పెట్టుకోండి.

తిండి తేలిగ్గా...

పులిహోర ఒక పూట మాట. నీరున్న ప్రతి తిండీ బరువే, పాడయ్యేదే. అటుకులు, పుట్నాలు, బెల్లం, పల్లీ పట్టీలు, సత్తుపిండి ఎంత తేలికో అంత బలం. సత్తుపిండిలో బెల్లం తురిమి కలిపి పెట్టుకుంటే, ఎక్కడైనా కాసిన్ని నీళ్ళతో ముద్ద చేసుకోవచ్చు. భద్రాచలం ప్రాంతపు మహిళలు ‘భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్’ పేరుతో చిరుధాన్యాల బిస్కెట్లు చేస్తున్న సంగతిని 2025 జూన్‌లో ప్రధాని ‘మన్ కీ బాత్’లో చెప్పారు. ఆ ‘గిరి శానిటరీ ప్యాడ్స్’ చేస్తున్నదీ ఇక్కడి మహిళలే. ఆ రెండో రకం సరుకు కూడా సంచిలో తప్పక ఉండాలి. ప్రయాణంలో తేదీలు మన మాట వినవు. వాడినవి చుట్టి వెనక్కి తెచ్చుకోవడానికి పాత పేపరు, జిప్పు కవరు మరిచిపోవద్దు. బిస్కెట్ల రేపర్లు కూడా ఆ కవర్లోకే. కొండల్లో చెత్తకుండీలు ఉండవు.

మందుల పొట్లం

రోజూ వేసుకునే బీపీ, షుగరు మాత్రలు ఎన్ని రోజులకో లెక్కపెట్టి, రెండు రోజులవి ఎక్కువ వేసి, పేరున్న స్ట్రిప్పుతోనే తీసుకెళ్ళండి. విడి మాత్రలైతే అవసరానికి డాక్టరు కూడా గుర్తుపట్టలేరు.

ఓ.ఆర్.ఎస్. పెద్ద పొట్లం 20 గ్రాముల పైచిలుకు, లీటరు నీళ్ళకు సరిపోతుంది. అది లేకపోతే లీటరు శుభ్రమైన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. టీ చెంచాలు, తలకొట్టి కొలవాలి.

ఈ మన్యంలో మలేరియా పాత శత్రువు. దోమల క్రీము, చేతులు కప్పే జాకెట్టు, ఒక్కరికి సరిపడే పల్చటి దోమతెర ఉంటే మంచిది. తిరిగొచ్చాక కొన్ని వారాల్లోపు జ్వరమొస్తే రక్తపరీక్ష చేయించుకుని, అడవి ప్రాంతానికి వెళ్ళొచ్చామని డాక్టరుకు చెప్పండి.

ఒక క్రేప్ బ్యాండేజీ ఉంటే కాలు బెణికితే చుట్టుకోవచ్చు. పాము కాటుకు మాత్రం తాడు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ వద్దు. గాజులు, ఉంగరాలు, మెట్టెలు వెంటనే తీసేయండి. వాపొస్తే అవే ఉరితాళ్ళవుతాయి. కాటుపడ్డ కాలునో చేతినో కదలకుండా ఉంచి, 108కి ఫోను చేసి, ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి చేర్చాలి.

ఇంకో రెండు మాటలు. ఇప్పపూలు రాలే రోజుల్లో వాటికోసం ఎలుగుబంట్లు చెట్ల కిందికి వస్తాయి. చీకట్లో నడవొద్దు. అటవీశాఖ అనుమతి లేకుండా, తెలిసినవాళ్ళు తోడు లేకుండా లోపలికి పోవద్దు. పాపికొండలకు లాంచీ ఎక్కితే వీపుసంచి విప్పి కింద పెట్టండి. ఒంటి మీద ఉండాల్సింది లైఫ్ జాకెట్. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరి ఎన్ని ఇళ్ళలో దీపాలు ఆర్పిందో మనం మరిచిపోకూడదు.

ఎవరి సంచి వారిది

ఇవన్నీ ఒక సంచిలో పట్టేస్తాయి. అసలు చిక్కు సామానుతో కాదు, ‘అమ్మ దగ్గర ఉంటుందిలే’ అనే మాటతో. పదేళ్ళ పిల్లాడు రోజూ పుస్తకాలు మోసే స్కూల్‌బ్యాగ్‌లో రెండు జతల బట్టలు, తన నీళ్ళ సీసా చక్కగా మోస్తాడు. ఆయన షేవింగ్ సెట్టు ఆయన సంచిలోకి మారితే ఆయనకేం తక్కువ కాదు. మా ఇంట్లో మొదట సణుగుడు వినిపించింది కానీ, రెండో ప్రయాణానికే ఎవరి టార్చి వాళ్ళు వెతుక్కోవడం మొదలెట్టారు. ఎవరిది వాళ్ళు మోసుకుంటే, సామానుకు కాపలా కూడా వంతులవారీగా కాయొచ్చు.

ఈ ఆదివారం పని తెమిలాక ఓసారి సరదాగా సంచి సర్దండి. మంచం మీద మూడు కుప్పలు పోయండి: తప్పనివి, కావాల్సినవి, ‘ఉంటే మంచిదేమో’ అనిపించేవి. మూడో కుప్పను అలాగే బీరువాలో పెట్టేయండి. మిగతా రెండూ సంచిలో వేసి, తగిలించుకుని, మేడమెట్లు రెండుసార్లు ఎక్కి దిగండి. ఆయాసమొస్తే ఇంకోటేదైనా తీసేయండి. ఏం తీయాలో తోచకపోతే చెబుతాను: ముందు ఆ రెండో దుప్పటి తీసేయండి!