కాలిన రెసిస్టరు

ఆంప్లిఫయరు వంటి యంత్రములలో విద్యుత్ప్రవాహమును మితపరచు చిన్న భాగమునకు రెసిస్టరు అని పేరు. దాని విలువను ఒంటిపైనున్న రంగుపట్టీలు తెలుపును. పసుపు 4, ఊదా 7, మూడవదియగు ఎరుపు రెండు సున్నలు. అనగా 4,700 ఓములు. చివరి బంగారుపట్టీ నూటికి 5 వంతుల హెచ్చుతగ్గులను సూచించును.

అయితే కాలినదాని రంగులను నమ్మరాదు. వేడికి ఎరుపు గోధుమరంగుగా కనబడినచో విలువ 470 ఓములని పొరబడుదురు. కావున యంత్రపు పటమును చూడవలెను. పటము లేనిచో, స్టీరియో యంత్రమున ఎడమ భాగమునకు కుడి భాగమే సాక్షి. అచ్చట చెడని జోడును పరికింపవలెను.

క్రొత్తదాని వాట్ల సామర్థ్యము పాతదానికంటె తక్కువ కారాదు. చెడిన ట్రాన్సిస్టరు వంటి మూలదోషమును ముందుగా సవరింపనిచో, క్రొత్త రెసిస్టరును క్షణములో కాలిపోవును.