పగడాల తొట్టెకు ఎంత వెలుగు చాలు?

ఇంట ఉప్పునీటి తొట్టెను నెలకొల్పేవారిని చేపలకన్న దీపమే ఎక్కువ భయపెడుతుంది. చేపలకు ఏ దీపమైనా చాలును. పగడపు జీవికి అది చాలదు. దాని దేహకణాలలో నివసించే సూక్ష్మ శైవలాలు కాంతితో ఆహారం తయారుచేసి, అందులో అధిక భాగం దానికే అందిస్తాయి. నీటిలో లోతుకు చేరేది ముఖ్యంగా నీలికాంతి కనుక 420 నుండి 480 నానోమీటర్ల కాంతి బలంగా ఉన్న దీపం కావాలి. వాట్లు మాత్రమే చూసి కొనడం పొరపాటు.

ఒకప్పుడు మెటల్ హలైడ్ దీపాలకు గొప్ప పేరుండేది. అటువంటి 250 వాట్ల దీపం రోజుకు 8 గంటలు వెలిగితే నెలకు 60 యూనిట్లు ఖర్చవుతుంది. పైగా నీరు కాగుతుంది. చెన్నై వేసవిలో దానిని చల్లబరచడానికి వేరొక యంత్రం! టీ5 ట్యూబులు చవకే గాని, ఇంచుమించు ఏడాదికొకసారి మార్చక తప్పదు. 60 వాట్ల ఎల్‌ఈడీకి నెలకు 15 యూనిట్లు చాలును.

అసలు తీవ్రమైన వెలుగు కోరేవి చాలావరకు కొమ్మల రాతి పగడాలు. మన దేశంలో రాతి పగడాలన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో ఉన్నవి. వాటిని సముద్రం నుండి తీయడం నేరం. పుట్టగొడుగు పగడాల వంటి మెత్తనివాటికి మధ్యరకం వెలుగే హితం. అవి ఎక్కడివో విచారించే కొనాలి. కనుక ఖరీదైన దీపంతో పనిలేదు.

కొత్త దీపాన్ని తొలివారం తక్కువ తీవ్రతతో వెలిగించి, క్రమంగా పెంచాలి. ఒక్కసారిగా పెంచితే శైవలాలు వెలుపలికి పోయి పగడం తెల్లబడుతుంది.