లారీలో ఆగి ఆగి తిరిగే ఫ్యాను

గాలి విలువ మా కోలారు వైపు వాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. కోలారు బంగారు గనులలో ఛాంపియన్ రీఫు గని 3 కిలోమీటర్లకు పైగా లోతు దిగింది. అడుగున రాతి వేడి 60 డిగ్రీలు దాటేది. చల్లని గాలి అందనిదే అక్కడ మనిషి పనిచేయలేడు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడ్డాయి గాని, అక్కడ పని నేర్చిన పెద్దలు కొందరు యింకా మా మధ్య వున్నారు. వారిలో ఒకరి పుణ్యాన మాకు తెలిసివచ్చిన సంగతి యిది.

కామసముద్రంలో మాకొక లారీ వున్నది. మా తమ్ముడు టొమేటోలు వేసుకుని వి.కోట, పేర్ణాంబట్టు మీదుగా చెన్నై వెళ్ళి వస్తుంటాడు. కేబినులో వేడిగాలికీ చల్లగాలికీ ఒకటే ఫ్యాను. ఎండాకాలంలో అది సుఖం. వానరాత్రి ఘాటు దిగేటప్పుడు అదే ప్రాణం. గాలి ఆడకపోతే ముందద్దానికి లోపల ఆవిరి పట్టి, ఎదుట వచ్చే బండి కనబడదు.

ఆ ఫ్యాను ఒక రోజు తిరుగుతూ తిరుగుతూ ఆగింది. గుంతలో చక్రం పడగానే మళ్ళీ తిరిగింది! షెడ్డుకు తీసుకుపోతే చక్కగా తిరిగేది. ఒక మెకానిక్కు మోటారు మార్చాడు. ఇరవై రోజులకు కథ మళ్ళీ మొదటికే వచ్చింది. ఆ రాత్రి ఘాటులో మా తమ్ముడు చేత్తో అద్దం తుడుచుకుంటూ దిగాడట. ఆ మాట విన్న తరువాత మా అమ్మకు నిద్ర లేదు.

గనిలో ఎలక్ట్రీషియనుగా చేసిన పెద్దాయన దగ్గరకు వెళ్ళాము. ఆయన స్క్రూడ్రైవరు ముట్టుకోలేదు.

“ఎప్పుడు నిలుస్తుందప్పా?” అన్నారు.

“ఎప్పుడంటే ఏం చెప్పేది పెద్దయ్యా! దాని యిష్టం.”

“దాని యిష్టమేమీ వుండదు. పుస్తకంలో రాసుకొని రా.”

పది రోజులు రాశాము. ఎంత వేగం మీద పెట్టాము, ఎంతసేపటికి ఆగింది, ఎట్లా తిరిగింది అని. చూస్తే, ఎప్పుడూ పెద్ద వేగం మీద అరగంట తిరిగాకనే ఆగుతున్నది. చల్లారినా, కుదిపినా తిరుగుతున్నది. పెద్దాయన తల వూపారు. “ఒక్క పెద్ద వేగమే పనిచేసి, చిన్న వేగాలు పోతే రెసిస్టరును అనుమానించాలి. యిది అది కాదు. వేడెక్కి వదులయ్యే చోటు ఎక్కడో వున్నది.”

తరువాత మోటారు ప్లగ్గులోని రెండు వైర్లకూ అడ్డంగా 24 వోల్టుల చిన్న బల్బు కట్టి కేబినులో పెట్టించారు. ఫ్యాను ఆగినప్పుడు బల్బు వెలుగుతుంటే కరెంటు వస్తున్నట్టే, తప్పు మోటారుది. ఆరిపోతే తప్పు దారిలో వున్నది. ప్రయాణంలో క్లీనరు కనిపెట్టాడు: ఫ్యానుతోపాటు బల్బూ ఆరింది. బండి పక్కకు నిలిపి, బల్బు వైరు ఒకటి ఎర్తు వైపునుంచి తీసి బాడీ యినుముకు ఆనించారు. బల్బు వెలిగింది! అంటే కరెంటు మోటారు దాకా వస్తున్నది. తిరిగిపోయే ఎర్తు దారి తెగుతున్నది.

ప్లగ్గు విప్పితే ఎర్తు పిన్ను గోధుమరంగుకు మాడి వదులై వున్నది. పాత మోటారు బేరింగులు బిగుసుకుని ఎక్కువ కరెంటు లాగి ప్లగ్గును కాల్చింది. కొత్త మోటారును ఆ కాలిన ప్లగ్గులోనే తగిలించారు. మోటారు మార్చడం తప్పు కాదు; అక్కడితో ఆపడం తప్పు. బ్యాటరీ వైరు విప్పి, కొత్త ప్లగ్గు వేసి, ఎర్తు బోల్టు గీకి బిగించాము. ఆ తరువాత ఫ్యాను ఆగలేదు.

2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ లారీలన్నిటికీ కేబినులో ఏ.సి. వుండాలని కేంద్రప్రభుత్వం నియమం పెట్టింది. కనుక యీ చిక్కు ముందుముందు చాలామందికి ఎదురుకావచ్చు. బండి వున్నవారికి మా మనవి ఒకటే: ఫ్యూజు కాలిపోతుంటే అంతకన్నా పెద్దది వేయవద్దు, వైర్లు అంటుకుంటాయి. సామాను కొనేముందు ఒక పుస్తకం, ఒక బల్బు కొనండి. పెద్దాయన డబ్బు పుచ్చుకోలేదు. మా అమ్మ పంపిన ఓళిగలు మాత్రం కాదనలేదు.