పాత ధరవరలు, ఆలస్యపు ధరవరలు: ఏది దేనికి పనికివస్తుంది?

నిజామాబాద్: సాంగ్లీ, ఈరోడ్ ధారణ కోసం ట్రంక్ కాల్‌కు కాచుకుని కూర్చున్న రోజుల్లో ధర అందరికీ ఆలస్యంగానే చేరేది. నేడు శ్రద్ధానంద గంజ్‌లో ఒకే ఫోనులో ఒక ధర ఈ క్షణానిది, ఇంకొకటి పావుగంట క్రిందటిది, మరొకటి నిన్నటిది. ఏది ఎప్పటిదో చూసుకోని వర్తకునికి దెబ్బ తప్పడం లేదు.

పసుపులో వాయిదా వ్యాపారం ఎన్.సి.డి.ఇ.ఎక్స్.లో 2004లో మొదలయింది. దానికి ప్రాతిపదిక కేంద్రం నిజామాబాదే. లాటు 5 టన్నులు గనుక క్వింటాలుకు రూ. 100 కదిలితే లాటుకు రూ. 5,000 తేడా. పది లాట్లు అమ్మి వున్నవారు పదిహేను నిమిషాలు వెనుకబడిన ధర చూసి ఆర్డరు పెడితే, ఆ వ్యవధిలో ధర రూ. 100 ఎగబాకిన రోజున రూ. 50,000 చేతులు మారినట్లే. ఇటువంటివారు బ్రోకరు టెర్మినల్‌లోని తాజా ధరనే నమ్ముకోవాలి. ఉచితంగా లభించే ఆలస్యపు ధర వారి పని కాదు.

అయితే కోల్డ్ స్టోరేజిలో సరుకు పెట్టుకుని నెలల తరబడి ఆగే స్టాకిస్టుకు నిమిషాల లెక్కతో నిమిత్తం లేదు. అతనికి బజారు ముగిశాక ఎక్స్‌ఛేంజి వెలువరించే భావ్ కాపీ చాలు. దానికి చందా కూడా అక్కరలేదు.

రెడీ ధరల సంగతి వేరు. ఈ-నామ్ 2016 ఏప్రిల్ 14న ప్రారంభమైనప్పుడు మొదటి విడతలోనే ఈ యార్డు చేరింది. ఆగ్‌మార్క్‌నెట్‌లో రోజువారీ రాక, కనిష్ఠం, గరిష్ఠం, ఎక్కువ సరుకు అమ్ముడైన ధర దొరుకుతాయి. కాని లాటులో తేమ ఎంతో అందులో వుండదు. కొమ్ము ధరను మండ ధరతో కలిపి సగటు తీసినవారి పట్టిక ఎన్నేళ్లదైనా ప్రయోజనం సున్న.

పాత వాయిదా ధరలు కొనేవారు మరొకటి గమనించాలి. కాంట్రాక్టు 20వ తేదీతో ముగిసి తరువాతి కాంట్రాక్టు ముందుకు వస్తుంది. రెంటినీ అతికించి ఒకే గీతగా అమ్మే సర్వీసుల్లో, డిసెంబరు పాత పంట నుండి ఏప్రిల్ కొత్త పంటకు మారేచోట కనిపించే దూకుడు బజారులో జరిగినది కాకపోవచ్చు. అతుకు ఎక్కడ వేశారో, ఎలా సవరించారో అమ్మేవారు చెప్పి తీరాలి.

పంచదారలో చిక్కు ఇంకా ఎక్కువ. బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో స్థాపించిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడటంతో ఆ మిల్లు ధర అన్నది లేకుండా పోయింది. మిగతా మిల్లుల పాత ధరలు దొరికినా, 2013 వరకు లెవీ, నెలవారీ విడుదల కోటాలు వున్నవి. 2018 జూన్‌లో కిలోకు రూ. 29 కనీస అమ్మకపు ధర వచ్చింది, 2019 ఫిబ్రవరిలో అది రూ. 31 అయింది. ఈ మూడు కాలాలను ఒకే సగటులో వేసి “సీజను ధోరణి” అని చూపితే బ్రోకర్లు నవ్వుతారు.

చందా కట్టే ముందు ఏదైనా గడచిన నెల ధరలు నమూనాగా తెప్పించి, అదే నెల భావ్ కాపీలతో తేదీవారీగా పోల్చుకోవడం గంట పని.