యాజమాన్య వ్యయం

పాత కారుకు చెల్లించే ధర ఒక్కటే దాని ఖర్చు కాదు. ఆ ధరకు పెట్రోలు, బీమా, టైర్లు, సర్వీసింగు, రిపేర్లు కలిపి, తిరిగి అమ్మితే వచ్చే సొమ్ము తీసేస్తే మిగిలేదే యాజమాన్య వ్యయం. పదేళ్లు దాటిన లగ్జరీ కారు చౌకగానే దొరుకుతుంది. దాని విడిభాగాల ధరలు మాత్రం దిగిరావు. మధ్యతరగతికి వ్యాగనార్, స్విఫ్ట్ లాంటివే మేలని నా అభిప్రాయం. వాటి పని చిన్న ఊరి మెకానిక్‌కూ తెలుసు, సామానూ దొరుకుతుంది. వయసూ చూడాలి. 15 ఏళ్లు నిండిన కార్ల ఆర్‌సీ రెన్యువల్ ఫీజును కేంద్రం 2022 ఏప్రిల్ 1న 600 రూపాయల నుంచి 5,000కు పెంచింది. ఇక బీమాలో నో క్లెయిమ్ బోనస్ అమ్మినవారికే చెందుతుంది, కారుతో పాటు రాదు. కొన్న 14 రోజుల్లోగా పాలసీని మీ పేరుకు మార్పించుకోవడానికి దరఖాస్తు చేయాలి.